లంగ్‌టాంగ్‌లో పంచిన బెల్లం

కాఠ్మాండు,
5 అక్టోబర్ 2007

అక్కా,

నిన్న పొద్దున చేరాము. మా సూర్యాపేట హాస్టలు పిల్లలు పద్నాలుగు మంది, నేను, పుష్పలత మేడం, అందరం బాగున్నాం. వరంగల్‌లో రైలెక్కింది మొదలు గోరఖ్‌పూర్ దాకా పిల్లలు నిద్రపోలేదు, మమ్మల్ని పోనివ్వలేదు. దేశం సరిహద్దు అంటే ఏదో పెద్ద కోట ఉంటుందనుకున్నారు. తీరా చూస్తే రిక్షాలు, లారీలు, అరటిపండ్ల బండ్లు. "గింతేనా మేడం? మన కోదాడ బస్టాండు గేటు ఇంతకంటె పెద్దగుంటది" అంది రమ్య.

ఫోన్ చేయొచ్చు గానీ, మీ చిలుకూరులో సిగ్నల్ కోసం బావ నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. ఈ వయసులో ఆయన్ను ఎక్కించడం ఎందుకని ఉత్తరం రాస్తున్నాను. నువ్వు ఈ లాడ్జి చిరునామాకు రాయి. నేను కొండల్లో ఉన్నా వీళ్ళు దాచి పెడతారు.

ఇక్కడ నాలుగు రోజులుండి బస్సులో కొండల మొదలుకు పోతాం. అక్కడి నుంచి నడకే. నది వెంట పైకి పోతే లంగ్‌టాంగ్ అనే ఊరు, దాని పైన క్యాంజిన్ అనే చిన్న ఊరు. అక్కడి నుంచి ఐదు వేల మీటర్లకు దగ్గరగా ఉన్న ఒక శిఖరం ఎక్కాలి. దిగి వచ్చాక రెండు వారాలు కాఠ్మాండు పక్కన బండలెక్కే శిక్షణ. మాకు దారి చూపే మనిషి పేరు పాసాంగ్. పిల్లల సంచులు కూలీలు మోస్తారు.

రమ్య సంగతి నాకు ప్రతి పూటా గుర్తుంటోంది. నీ అంగన్‌వాడీలో అక్షరాలు దిద్దిన పిల్ల అని కాదు, తండాలో వాళ్ళ నాయిన హన్మా ముందు నువ్వు నిలబడి మాటిచ్చావని. "పిల్ల ఎట్ల పోయిందో అట్ల వస్తె ఇంటర్ పూర్తి చేయిస్త. దాని మీద ఒక్క మాట వచ్చినా మాఘంల ఫూల్‌సింగ్ కొడుక్కిచ్చి చేస్త" అన్నాడు కదా. పక్క తండాలో ఆ ఫూల్‌సింగ్ ఎంత పెద్దమనిషో, హన్మా ఆయనకు కాదని చెప్పలేక ఎంత నలుగుతున్నాడో నువ్వే చెప్పావు. పిల్లకు చదువుకోవాలని ఉంది. కాబట్టి నేను శిఖరం కంటే ఎక్కువగా రమ్యనే చూసుకుంటున్నాను.

మిర్యాలగూడలో మా ఆయన ఏం తింటున్నాడో ఒకసారి కనుక్కో.

నీ చెల్లె
లత

*

చిలుకూరు,
15 అక్టోబర్ 2007

చెల్లె లతకు అక్క ఆండాలు రాయునది.

ఉత్తరం శనివారం అందింది. నీ మొగుడు ధర్మేందర్ బాగానే ఉన్నాడు. రైసు మిల్లు పక్క హోటల్లో పూరీలు తిని లావయ్యాడు. పోయిన ఆదివారం వచ్చి, "లత లేకపోతే ఇల్లంత బోసిగుంది వదినా" అని రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాడు.

నాయిన మందను అనంతగిరి వైపు తోలాడు. పోయే ముందు నిన్ను అడగమన్నాడు, ఆ గుట్టల మీద గొర్లు ఉంటాయా, ఉంటే చలికాలం ఏం మేస్తాయి అని. పెద్ద బిడ్డ చిన్నపిల్లలకు పాటలు నేర్పుతుంది, చిన్న బిడ్డ పెద్ద పిల్లలకు గుట్టలెక్కుడు నేర్పుతుంది, నా ఇంట్ల గొర్లు కాసేటోళ్ళు లేకపోయిరి అని తండ్రి బాధ.

నీ ఉత్తరం తండాకు తీసుకుపోయి హన్మాకు, రమ్య తల్లి పుష్పాబాయికి చదివాను. రమ్య పేరు వచ్చిన చోట పుష్పాబాయి నవ్వింది. సంచుల దగ్గర హన్మా ముఖం మారింది.

"పిల్ల మూట ఇంకొకలు మోసుడేంది టీచరమ్మా? కాలిరిగిందా?"

"ఇరగలేదు. అక్కడ అందరికీ అట్లనే మోస్తరట."

"బిందె మీద బిందె పెట్టుకొని బోరింగు కాడి నుంచి వచ్చే పిల్ల. దానికి రోగమన్న వచ్చి ఉండాలె, లేకుంటె మీ చెల్లె దాస్తుండాలె."

ఎంత చెప్పినా నమ్మలేదు. పిల్లకు జ్వరమని తండా అంతా అనుకుంటోంది. వచ్చే ఉత్తరంలో రమ్య తన సంచి తనే మోసిందని రాయి. నిజం కాకపోతే ఒక రోజు మోయించి రాయి.

తంగేడు పువ్వు ఈసారి తక్కువ. బతుకమ్మను గునుగు పువ్వుతోనే లేపుతున్నాం.

ఇంతే సంగతులు. బావ ట్యాంకు ఎక్కగలనంటున్నాడు, ఆయన్ను తక్కువ చేసి రాశావట.

ఆండాలు

*

లంగ్‌టాంగ్,
20 అక్టోబర్ 2007

అక్కా,

రమ్య ఇప్పుడు బాగుంది. ముందు ఈ మాట రెండుసార్లు చదువుకొని తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం ఏమన్నా వచ్చి ఉంటే కాఠ్మాండులోనే ఉంటుంది. నేను చూడలేదు. పొయ్యి పక్కన కూర్చొని రాస్తున్నాను. వేళ్ళు వంగడం లేదు, అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి.

పై ఊరు క్యాంజిన్ చేరిన సాయంత్రమే రమ్యకు తలనొప్పి మొదలైంది. తిన్నదంతా కక్కింది. ఎత్తు మీద గాలి పలచగా ఉంటుంది, కొందరికి పడదు. ఎవరికి పడదో ముందుగా తెలియదు. గట్టి పిల్లలకే పడకపోవచ్చు. మందులున్నాయి గానీ అసలు మందు కిందికి దిగడం. మరునాడు శిఖరం ఎక్కే రోజు. పుష్పలత మేడం, పాసాంగ్ మిగతా పదమూడు మందిని తీసుకుపోయేటట్టు, నేను రమ్యను దించేటట్టు మాట్లాడుకున్నాం.

"నేను పండుకుంట మేడం, మీరు పోన్రి. ఎన్నేండ్ల సంది అనుకుంటున్నరో మాకు తెల్వదా?" అని ఏడ్చింది.

"మీ నాయినకు మా అక్క మాటిచ్చింది, లెవ్వు" అన్నాను.

మెల్లగా దిగాము. లంగ్‌టాంగ్ ఇళ్ళు కనబడేసరికి ఆకలి అంది. ఆ ఒక్క మాటతో నా గుండె కుదుటపడింది.

ఇక్కడ ఛిరింగ్ అవ్వ ఇంట్లో ఉన్నాం. రాళ్ళ ఇల్లు. కింద గొడ్లు, పైన మనుషులు. మందపాటి గాగరా, మెడలో పగడాలు, చేతికి వెండి. చూస్తే మన తండా అవ్వలాగే ఉంది. వీళ్ళ తాతలు జడల బర్రెల మీద టిబెట్ నుంచి ఉప్పు తెచ్చి అమ్మేవారట. అవ్వ నేపాలీ నాకు సగం అర్థమైతే, రమ్యకు ముప్పావు అర్థమైంది. వాళ్ళ లంబాడీకి దగ్గరి మాటలు చాలా ఉన్నాయంది. అవ్వ రమ్యను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఆలుగడ్డలు ఉడకేసి, ఒక్కొక్కటీ తొక్క తీసి పెట్టింది. మూడో రోజుకు రమ్య గొడ్ల దగ్గర పేడ తీస్తోంది.

పైసలు ఇవ్వబోతే అవ్వ పుచ్చుకోలేదు. నా దగ్గర నువ్వు కట్టిచ్చిన బెల్లం ముద్ద ఉంది. ఇవాళ దాన్ని రాయి మీద పగలగొట్టి ముందు అవ్వ చేతిలో పెట్టాను. గోడ మీద కూర్చున్న పెద్దమనుషులు నలుగురికి పంచాను. నేనూ తిన్నాను, రమ్యా తిన్నది. మన బెల్లం వాళ్ళకు బాగా నచ్చింది. అవ్వ రమ్య మెడలో తెల్ల కండువా వేసి, చేయి పట్టుకొని, "ఈ పిల్లను మా ఇంటికే ఇచ్చెయ్యండి" అంది. "తీసుకోండి, మీ పిల్లే" అన్నాను. అందరం నవ్వాం.

మిగతా పిల్లలు అందరూ శిఖరం ఎక్కి దిగి వచ్చారు. ఒక్కరు కూడా వెనక్కి తగ్గలేదు. నేను పైకి పోలేదు. వాళ్ళు చెప్పింది విన్నాను.

కాఠ్మాండు పోయే మనిషి బయట నిలబడ్డాడు, అతని చేతికిస్తున్నాను. హన్మాకు ఇదంతా చదివి వినిపించు, సంతోషిస్తాడు.

లత

*

చిలుకూరు,
2 నవంబర్ 2007

లతా,

నీ ఉత్తరం చదివి వినిపించాను. హన్మా సంతోషించలేదు.

నిన్న అంగన్‌వాడీ అయ్యాక చదవడం మొదలుపెట్టాను. ఉత్తరం వచ్చిందంటే తండాలో సగం మంది వస్తారు. వాంతులన్న చోట పుష్పాబాయి కొంగు నోట్లో పెట్టుకుంది. నువ్వు కిందికి దించావన్న చోట హన్మా తల ఊపాడు. "మేడం పైకి పోలేదా? మా పిల్ల కోసం ఆగిందా?" అని రెండుసార్లు అడిగాడు. అక్కడికి అంతా బాగుంది. బెల్లం దగ్గరికి వచ్చేసరికి హన్మా చేయెత్తి ఆపాడు.

"మళ్ల సదువు టీచరమ్మా" అన్నాడు.

చదివాను.

"పెద్దమనుషులు నలుగురు కూసున్నరా?"

"కూర్చున్నరని రాసింది."

"బెల్లం మన దిక్కు నుంచే పోయిందా?"

"నేనే కట్టిచ్చిన."

"పిల్లను మా ఇంటికియ్యిన్రి అని వాళ్ళడిగిన్రు. మేడం తీసుకోన్రి అన్నది. అందరు తిన్నరు."

అప్పుడు నాకు వెలిగింది. తండాలో పెండ్లి మాట కలుపుకునేది అట్లనే కదా. రెండు దిక్కుల పెద్దలు నలుగురిలో కూర్చొని బెల్లం పంచుకొని తింటారు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. బెల్లం తిన్నారంటే పిల్లను ఇచ్చినట్టే. ఇన్నేండ్లు అక్కడ పనిచేసి, ఎన్నో బెల్లాలు తిని, చదివేటప్పుడు నాకు తట్టలేదు.

"వాళ్ళు వేరే దేశమోళ్ళు, ఈ పద్ధతి వాళ్ళకు తెల్వదు" అన్నాను. తండాలో అందరికంటే పెద్దదైన సైదమ్మ అవ్వ నా మీదికి లేచింది.

"ఎందుకు తెల్వదు? గాగరా ఉండె, వెండి ఉండె, మాట కలిసె. గొడ్ల మీద ఉప్పు మోసిన్రంట. మన తాతలు ఎద్దుల మీద మోసింది ఏంది, సక్కెరనా? వాళ్ళు మనోళ్ళే. తోవ తప్పి గాడికి ఎక్కిన్రు."

పొద్దుగూకేలోపు ఈ ముచ్చట పక్క తండాకు పోయింది. ఇవాళ ఫూల్‌సింగ్ మోటారు సైకిల్ మీద దిగాడు. "నా కొడుక్కు అడిగిన పిల్లను గుట్టల మీద ఇచ్చి వచ్చిన్రా?" అని హన్మా వాకిట్లోనే నిలబడి అరిచాడు. పిల్ల రాగానే పంచాయితీ పెడదామని తండా పెద్ద చంద్రు నాయక్ చెప్పాడు. హన్మా నాతో మాట్లాడడం లేదు. రమ్యను మళ్ళీ హాస్టలుకు పంపుతాడో లేదో తెలియదు. ఒక్క మాట కూడా రావద్దన్నాడు, వచ్చింది తండాకు సరిపోయేంత మాట.

ఆ అవ్వ కొడుకు ఎవరు, ఏం చేస్తాడు, వెంటనే రాయి. నాకు కాదు, పుష్పాబాయి అడుగుతోంది. వాళ్ళకు గొడ్లు ఎన్ని అని కూడా అడిగింది.

నాయిన మాత్రం నువ్వు మంచుగుట్ట ఎక్కావని అనంతగిరి అంతా చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. ఎవరు దిద్దుతారు?

అక్క

*

కాఠ్మాండు,
12 నవంబర్ 2007

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ చదివాను. మొదటి దానికి నవ్వాను, రెండో దానికి కూర్చుండిపోయాను.

ఛిరింగ్ అవ్వకు కొడుకులు లేరు. ఇద్దరు బిడ్డలు, ఇద్దరికీ పెండ్లిళ్ళయ్యాయి. ఒక ఆమె కాఠ్మాండులో టీ కొట్టు నడుపుతోంది. మనుమలు కూడా లేరు. ఆ ఇంట్లో మగప్రాణి అంటే ఒక జడల బర్రె దూడ. ఈ ముక్క హన్మాకు, నాయక్‌కు, ఫూల్‌సింగ్‌కు అందరికీ చెప్పు. అప్పుడు మాటే ఉండదు.

రమ్యను పిలిచి అడిగాను.

"బెల్లం పంచినప్పుడే నీకు తెలుసా?"

"తెల్సు మేడం."

"మరి చెప్పలేదేం?"

"మీరు గంత సంబరంగ పంచుతుంటె ఎట్ల సెప్పాలె? నాకు గూడ బెల్లం తినాలనిపించింది." మళ్ళీ తనే, "నాయిన హాస్టల్‌కు పంపడా ఇగ?" అంది. అప్పటిదాకా నవ్విన పిల్ల గోడ వైపు తిరిగింది.

మొన్న ఇక్కడ దీపాల పండుగ. ఆడపిల్లలు గుంపుగా ఇంటింటికీ పోయి పాటలు పాడి దీవెనలు అడుగుతారు. రమ్య చూసి, "మా తండల ఆడపిల్లలు దీపం పట్టుకొని మేరా అని దీవెన అడిగినట్టే ఉన్నది మేడం" అని వాళ్ళ వెంట పోయింది. వాళ్ళ పాట వాళ్ళది, ఈమె పాట ఈమెది. లాడ్జి యజమాని వాళ్ళకూ ఈమెకూ ఒకటే దీవెన ఇచ్చాడు.

నాయినకు చెప్పు, గుట్టల మీద గొర్రెలు తక్కువ, జడల బర్రెలు ఎక్కువ. చలికాలం ఎండుగడ్డి వేస్తారు.

ఎల్లుండి బయల్దేరుతున్నాం. ఈ ఉత్తరం ముందు వస్తుందో, నేను ముందు వస్తానో చూడాలి.

లత

*

చిలుకూరు,
10 డిసెంబర్ 2007

చెల్లెకు,

నువ్వే ముందు వచ్చావు. రమ్యను దించి, హన్మాకు దండం పెట్టి, బస్సులో పిల్లలు ఎదురుచూస్తున్నారని ఐదు నిమిషాలు కూడా ఆగకుండా సూర్యాపేట పోయావు. ఉత్తరం నాలుగు రోజులకు వచ్చింది.

ఆదివారం పంచాయితీ అయింది. నీ ఉత్తరం సంచిలో పెట్టుకొని పోయాను. కొడుకులు లేరన్న వాక్యం కింద గీత గీసుకొని మరీ పోయాను. మాట్లాడే వంతు నాకు చివర ఇస్తామన్నారు. ఓ పక్కన కూర్చున్నాను.

చంద్రు నాయక్ ముందు రమ్యను అడిగాడు.

"బెల్లం తిన్నవా బిడ్డా?"

"తిన్న."

"ఎవలిచ్చిన్రు?"

"మా మేడం."

అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు ఆ పిల్ల. తల వంచుకొని నిలబడింది. ఫూల్‌సింగ్ లేచి, "దేశం కాని దేశంల తిన్న బెల్లం చెల్లదు. మాఘంల నా కొడుక్కే చెయ్యాలె" అన్నాడు.

నాయక్ చుట్ట ముట్టించుకున్నాడు. "బెల్లానికి దేశమేందన్నా? నలుగురు పెద్దమనుషులు తిన్నంక మాట మాటే. వాళ్ళు నచ్చితె వస్తరు. నచ్చకుంటె మాకు వద్దు అని కబురు చేస్తరు. ఆ కబురు వచ్చేదాక ఈ పిల్లను ఇంకెవలు అడుగొద్దు. అడిగితె తప్పు పైసలు కట్టాలె."

ఫూల్‌సింగ్ హన్మా వైపు చూశాడు. హన్మా చేతులు తిప్పాడు. "నేనేం జేత్తనన్నా? నా చేతుల ఏమున్నది? మేడం మాటిచ్చి వచ్చె."

ఫూల్‌సింగ్ చెప్పులేసుకొని పోయాడు. అప్పుడు నాయక్ నన్ను అడిగాడు, "టీచరమ్మా, నువ్వేమన్న చెప్తవా?" అని. నా చేయి సంచిలోనే ఉంది.

"ఏం లేదు" అన్నాను.

నీకు చెప్పకుండా చేశాను. ఏమంటావో రాయి. కబురు కోసం నిన్ను ఆ అవ్వకు ఉత్తరం రాయమన్నాడు హన్మా. కబురు వచ్చేదాకా పిల్ల ఇంట్లో ఉండి ఏం చేస్తది అని, రేపు తనే హాస్టల్‌లో దింపుతానన్నాడు. పుష్పాబాయి సకినాలు కట్టిస్తోంది. నీకు కూడా ఉన్నాయి.

ఆండాలు

*

సూర్యాపేట,
18 డిసెంబర్ 2007

అక్కా,

సకినాలు అందాయి. రమ్య వచ్చి చదువులో పడింది. మిగతా పిల్లలు ఆమెను "లంగ్‌టాంగ్ కోడలా" అని పిలిస్తే తన్నడానికి వెంటపడుతోంది.

నాకు ఒక్కటే నచ్చలేదు. ఫూల్‌సింగ్‌కు చెప్పకపోతే పోనీ. హన్మా మనల్ని నమ్మి పిల్లను పంపాడు. లేని పెండ్లికొడుకును చూపించి ఆయన్ను మోసం చేస్తున్నట్టుంది. హాస్టల్లో దింపడానికి వచ్చినప్పుడు, "ఉత్తరం రాసినవా మేడం?" అన్నాడు. "రాస్తాను" అన్నాను. ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. నిజమే చెప్పాలని పిల్లలకు రోజూ చెప్పేదాన్ని నేను.

తండా నీది, నువ్వు ఎట్లా అంటే అట్లా. కానీ ఆయనకు ఒక్కడికైనా చెప్పమని నా మాట. అవ్వకు ఫొటోలు పంపాలి. ఆ ఉత్తరం కూడా నీ జవాబు వచ్చాకే వేస్తాను.

మా ఆయన మళ్ళీ ఇంటి అన్నం తింటున్నాడు. పూరీలే బాగుండేవంటున్నాడు.

లత

*

చిలుకూరు,
14 జూన్ 2009

లతా,

రమ్య ఇంటర్ పాసైందని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడు ట్యాంకు మీద బావ ఉన్నాడు. అక్కడి నుంచే తండా వైపు కేకేశాడు. మాట ఎవరికీ అర్థం కాలేదు, ఎవరో బోరు దగ్గర గొడవ పడుతున్నారనుకున్నారు. తర్వాత నేను పోయి చెప్పాను.

ఆటల టీచరు శిక్షణకు హైదరాబాదులో సీటు వచ్చిందని, రెండేండ్ల చదువని నువ్వు రాసిన కాగితం నిన్న హన్మాకు చదివాను. అప్పుడు జరిగింది నీకు రాయాలి. ఆయనకు చెప్పమని నువ్వు అడిగి ఏడాదిన్నర అయింది. ఇదిగో అదిగో అంటూ దాటేస్తూ వచ్చాను. నువ్వు నా మీద కోపంతో అవ్వకు ఫొటోలు కూడా పంపలేదు.

ఇన్నాళ్ళూ హన్మా నెలకోసారి అంగన్‌వాడీకి వచ్చేవాడు. "కబురు వచ్చిందా టీచరమ్మా?" "రాలేదు." "సరే" అని టీ తాగి పోయేవాడు. నాలుగు నెలల కింద ఫూల్‌సింగ్ కొడుకు పెండ్లి ఇంకోచోట అయింది. హన్మా పోయి, తిని వచ్చాడు. ఇక ఆ భయం లేదు కదా, చెప్పేద్దామని నిన్న నోరు తెరిచాను.

"హన్మా, ఆ గుట్టల మీది అవ్వ సంగతి ఒకటి చెప్పాలె. ఆమెకు..."

"ఎందుకులే టీచరమ్మా" అన్నాడు.

గ్లాసు కింద పెట్టాడు. తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. అప్పుడు నాకు ఒకటి గుర్తొచ్చింది. పుష్పాబాయి గొడ్లు ఎన్ని అని అడిగింది, సైదమ్మ అవ్వ ఇంటిపేరు అడిగింది. ఈయన మాత్రం పిలగాడు ఎవరు, ఎట్లుంటాడు అని ఇన్నాళ్ళలో ఒక్కసారి అడగలేదు.

"మేడంను ఉత్తరం రాయమను. రాయకుంటె బాగుండదు" అన్నాడు. "గాడికి ఉత్తరం పోవాలంటె ఎన్ని రోజులు పడ్తది?"

"పది, పదిహేను రోజులు."

"మంచు ఎక్కువ పడితె?"

"ఇంకా లేటు అయితది."

"రెండేండ్లు గూడ పట్టొచ్చు" అన్నాడు.

"పట్టొచ్చు" అన్నాను.

ఇంకో అర గ్లాసు టీ పోయించుకొని తాగి, పిల్లకు పెట్టె కొనాలని కోదాడ బస్సు ఎక్కాడు.

అవ్వకు ఫొటోలు పంపు.

అక్క
ఆండాలు